రాయగడ బోడికొండల మీద పాత మాంగనీసు గుంటలు: నేలను చదువుతూ నడవడం

రాయగడ వచ్చే తెలుగువాళ్లలో ఎక్కువమంది మజ్జిగౌరమ్మను దర్శించుకుని, చెకాగుడ దగ్గర నాగావళి మీది వేలాడే వంతెన ఎక్కి ఫోటోలు దిగి, సాయంత్రం బండికి పార్వతీపురం వైపు తిరిగిపోతారు. ఊరి చుట్టూ ఉన్న కొండల్లో కొన్నింటికి నెత్తిన చెట్టుండదు, గడ్డే. వాటి మీదా, వాటి ఒంపుల్లోనూ అక్కడక్కడా నల్లటి మట్టికుప్పలు, పొడుగాటి గోతులు కనిపిస్తాయి. పశువులు తొక్కిన దారి అనుకుని, లేదా ఎవరో చెరువు తవ్వి వదిలేశారనుకుని దాటిపోతాం. అవి ఉక్కు తయారీలో వాడే మాంగనీసు కోసం తవ్విన పాత గనులు కావచ్చు. ఇలాంటి చోట ఎలా నడవాలి, ఏం చూడాలి, ఎక్కడ కాలు పెట్టకూడదు అన్నదే ఈ పోస్టు.

ముందు కాస్త వెనకటి సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయ్యేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లాయే, జయపురం జమీందారీ. రాయగడ విడి జిల్లా అయింది 1992లో, కోరాపుట్ నుంచి. అందుకే కొండకు ఈవల విజయనగరం మాంగనీసు, ఆవల ఒడిశా మాంగనీసు అని విడదీసి చూస్తే కథ అర్థం కాదు. రాయి ఒకటే. చీపురుపల్లి పక్కన కోడూరులో 1890లలో తవ్వకం మొదలైంది. దేశంలో మాంగనీసును వ్యాపారంగా తవ్వడం మొదలైందే అక్కడ. ఆ రాయిని చదివిన ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త, ఊరి పేరు మీదే దానికి కోడురైట్ అని పేరు పెట్టాడు. పార్వతీపురం నుంచి రాయగడ మీదుగా రాయపూర్ దాకా రైలు 1931కి పూర్తయింది, 1933లో విశాఖ రేవు తెరిచారు. ఆ రేవు తవ్వించిన కారణాల్లో మధ్య పరగణాల (సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీసును ఓడకెక్కించడం పెద్దది. ఒడిశా వైపు మాంగనీసు సంగతి రాసిన చోట కుటింగ, నిశిఖల్ గనుల పేర్లు తరచూ కనబడతాయి.

ఇక్కడి కొండరాయి ఖోండలైట్. ఈ పేరు ఇక్కడి గిరిజనులైన ఖోందుల నుంచి వచ్చిందే, వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1902లో పెట్టాడు. గోమేదికం రంగు గార్నెట్ గింజలు, మధ్యమధ్య గ్రాఫైట్ తళుకులు ఉంటాయి. ఈ రాతిపొరలు తూర్పు కనుమల పొడవునా ఎక్కువగా ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతాయి, మాంగనీసు కూడా ఆ పొరల వెంటే ఉంటుంది. నడిచేవాడికి ఇది చాలా పనికొచ్చే సంగతి. ఒక గుంట దొరికిందంటే దిక్సూచి తీసి ఈశాన్యం వైపు, నైరుతి వైపు చూడాలి. మిగతా గుంటలు సాధారణంగా ఆ వరసలోనే ఉంటాయి. వాస్తు చూసేవాళ్లు ఈశాన్యంలో నీళ్లుండాలంటారు కదా, ఇక్కడ నిజంగానే ఉంటాయి, కాకపోతే పడితే తేలలేనంత లోతున. అడ్డంగా, అంటే వాయవ్యం వైపు నడిస్తే గుంటల వరస దాటి మంచి నేల మీదికి వస్తాం. దారి ఎంచుకునేటప్పుడు వరసకు పక్కగా, ఎగువ వైపు కాకుండా దిగువ కుప్పలకు కొంచెం ఎడంగా వెళ్లడం మేలు.

ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని ఒకటుంది. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వాటిలో ఎత్తుగీతకూ ఎత్తుగీతకూ మధ్య 20 మీటర్లు. అంటే ఎనిమిది మీటర్ల గొయ్యి పటంలో అసలు పడకపోవచ్చు. పటం చూసి నేల చదునుగా ఉందని నమ్మితే అక్కడే మోసపోతాం. పటంతో పాటు ఉపగ్రహ చిత్రం పెట్టుకోవాలి, అదీ మార్చి, ఏప్రిల్ నాటిది. గడ్డి ఎండి ఉంటుంది కాబట్టి గోతుల అంచులు, నీడలు స్పష్టంగా కనిపిస్తాయి. సెప్టెంబరు చిత్రంలో అంతా పచ్చటి దుప్పటే. మూలలు తిన్నగా ఉన్న నీటిమడుగు కనిపిస్తే అది చెరువు కాకపోవచ్చు. చెరువుకు గట్టు ఒకవైపే ఉంటుంది, గనిగుంటకు నాలుగువైపులా గోడలే.

నల్లగా ఉన్నదల్లా మాంగనీసు కాదు. నీరు కారే చోట రాతికి పట్టే నల్లటి పూత చూసి చాలామంది పొరబడతారు. గోటితోనో కత్తితోనో గీకితే ఆ పూత లేచిపోయి కింద మామూలు రాయి బయటపడుతుంది. అసలు పరీక్షకు బాత్రూం టైల్ ముక్క చాలు, మెరుపు లేని వెనకవైపు. రాతిని దాని మీద గట్టిగా గీయాలి. నల్లటి గీత పడితే మాంగనీసు ఖనిజం కావచ్చు. ఎర్రటి గోధుమరంగు పడితే హెమటైట్, పసుపు గోధుమరంగు పడితే లిమొనైట్, అంటే రెండూ ఇనుమే. గీత బూడిదరంగు నలుపులో, వేలికి జిడ్డుగా తగిలితే గ్రాఫైట్. చేతిలో బరువు కూడా చెప్పేస్తుంది. లీటరు సీసా అంత గట్టి మాంగనీసు ముక్క నాలుగు కిలోలు దాటుతుంది, అంత గ్రాఫైట్ రెండు కిలోల పైచిలుకు. మాంగనీసులోనే రెండు రకాలు ఎదురవుతాయి. పైరోలుసైట్ పట్టుకుంటే చాలు, చేతులు మసిబొగ్గు పట్టినట్టవుతాయి. సైలోమెలేన్ గట్టిది, ద్రాక్షగుత్తిలా ఉబ్బులుబ్బులుగా ఉంటుంది, కత్తిమొనతో గీసినా తేలిగ్గా లొంగదు.

చూశాక రాయిని అక్కడే వదిలేయాలి. జేబులో వేసుకున్న చిన్న ముక్కను ఎవరూ పట్టించుకోరు గానీ సంచి నింపితే గనుల చట్టం కింద అది అక్రమ రవాణానే.

ఇప్పుడు కుప్పలు. ఇక్కడి పాత గనుల్లో చాలా వరకు చేతిపనే. గునపంతో, సుత్తితో కొట్టి, ఆడవాళ్లు కూర్చుని ముక్క ముక్కా చూసి ఏరి, మంచి రాయిని నాలుగు పలకల దొంతిగా పేర్చి కొలిచేవారు. అందుకే కుప్పలు రెండు రకాలు. గొయ్యి అంచునే ఉండే పెద్ద కుప్పలో ఎర్రమట్టి, సున్నంలా తెల్లటి మెత్తని మన్ను, ఖోండలైట్ ముక్కలు ఉంటాయి. అది పైమట్టి తోడి పోసింది. కొంచెం దూరంలో, చదును చేసిన నేల మీద, పిడికిలికి తక్కువ సైజు పెంకులు నల్లగా పరచుకుని ఉంటే అది ఏరిన చోటు. దాని అంచున రాళ్లు వరసగా పాతి ఉంటే దొంతి పేర్చిన జాగా అనుకోవచ్చు. అలాంటి నేల మీద వాన పడ్డాక చూడాలి, మట్టి అంతా కాటుక రంగే. పక్కనే బండిచక్రం వెడల్పున తిన్నగా, ఒకే వాలుతో దిగే దారి ఉంటుంది. పశువుల దారి వంకర్లు పోతుంది, ఎడ్లబండి దారి వాలు చూసుకుని పోతుంది. దిగడానికి ఆ బండిదారే అన్నిటికన్నా మంచిది.

ఈ రాయి విలువ తగ్గించింది భాస్వరం. కోడురైట్‌లో అపటైట్ అనే ఖనిజం ఉంటుంది, దాని నుంచే భాస్వరం వస్తుంది, అది ఎక్కువైతే ఉక్కు పెళుసవుతుంది. ఏరి పక్కన పెట్టేసిన కుప్పల్లో కొన్నింటిలో చూడ్డానికి నిగనిగలాడే మంచి రాయే ఉండటానికి ఇదొక కారణం. పనికిరాక కాదు, కొనేవాడు లేక.

ఒంటరిగా, మిగతా కట్టడాలకు చాలా దూరంగా, మందపాటి గోడలతో, ఒకే తలుపుతో, చుట్టూ మట్టికట్టతో ఒక గది కనిపిస్తే అది మందుగుండు కొట్టు. పేలితే దెబ్బ పక్కలకు పోకుండా ఆ మట్టికట్ట. కూలిన గోడలే మిగిలినా ఈ కట్టను బట్టి పోల్చుకోవచ్చు. గొయ్యి గోడల మీద నిలువునా సగం గొట్టంలాంటి గాళ్లు కనిపిస్తాయి, అవి తూటా పెట్టిన రంధ్రాల సగభాగాలు. పొడుగాటి ఉలి పెట్టి చేత్తో కొట్టిన రంధ్రం గుండ్రంగా రాదు, కొంచెం మూడు మూలలుగా వస్తుంది. యంత్రంతో తొలిచింది నున్నగా, లోతుగా ఉంటుంది. వేలు పెట్టి తడిమితే తేడా తెలిసిపోతుంది. కానీ అడుగున మట్టి కూరుకుపోయిన రంధ్రంలో పుల్ల పెట్టి కెలకొద్దు. పేలకుండా మిగిలిన మందు ఉండే అవకాశం ఉన్న చోటు అదే. పెన్సిల్ ముక్కంత లోహపు గొట్టం, దానికి తీగలు కనిపిస్తే డిటోనేటరు. ముట్టుకోకుండా, జాగా గుర్తుపెట్టుకుని, పోలీసు స్టేషన్లో చెప్పాలి.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పాల్సింది గొయ్యి అంచు గురించి. పైన రెండు మూడు అడుగుల మందాన లాటరైట్ పెంకు, ఇటుకలా గట్టిది. దాని కింద ఖోండలైట్ కుళ్లి మారిన మెత్తటి తెల్లమన్ను, తడిస్తే సబ్బు. ప్రతి వానకూ కింది మన్ను కొంచెం కొంచెం జారి గుంటలో పడుతుంది, పై పెంకు మాత్రం గాలిలో అలాగే నిలబడి ఉంటుంది. ఎగువ నుంచి వచ్చేవాడికి అది గట్టి నేల. ఎదురు గట్టు నుంచి చూస్తేనే చూరులా బయటికి పొడుచుకొచ్చిందని తెలుస్తుంది. కాబట్టి గొయ్యి చూడాలంటే ముందు దూరంగా చుట్టూ తిరిగి, ఏ గట్టు వాలుగా పడిపోయి ఉందో కనిపెట్టి, ఆ వైపు నుంచే దగ్గరికి రావాలి. నిలువు గోడ ఉన్న వైపు, గొయ్యి ఎంత లోతో అంత ఎడం పాటించాలి. అంచుకు సమాంతరంగా నేలలో వేలు పట్టే చీలిక కనిపించిందా, చీలిక దాటి గొయ్యి వైపు అడుగు పెట్టకూడదు. ఆ ముక్క ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు పడేదే. 1961 నాటి లోహగనుల నియమాల్లో మెత్తటి మట్టిలో ఒక్కో మెట్టు ఎత్తు మీటరున్నర దాటకూడదని రాశారు. మెట్లు లేకుండా నిలువునా తెగ్గోసిన గోడ కనిపిస్తే అది ఆ నియమాలకు ముందుదైనా కావాలి, ఆ లెక్కలేవీ పట్టించుకోని పనైనా కావాలి.

మరో మోసం లాంటానా అనే ముళ్లకంప. ఇంగ్లండు ఉత్తరాన స్వేల్‌డేల్ లాంటి చోట్ల పాత సీసం గనుల కుప్పలు వందేళ్లయినా బోడిగానే ఉంటాయి. సీసం విషానికి తట్టుకునే కొద్ది రకాల చిన్న మొక్కలు తప్ప వాటి మీద ఏదీ బతకదు, అందుకని దూరం నుంచే తెలిసిపోతాయి. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. లాంటానా కంప గుంట అంచును కప్పేసి, ఇవతలి పొద, అవతలి పొద కలిసిపోయి, మధ్యలో గొయ్యి ఉందన్న సంగతే దాస్తుంది. చుట్టూ గడ్డి ఉండి మధ్యలో ఒక్కచోటే పొడుగ్గా, తిన్నగా కంప గుబురు కనిపిస్తే అనుమానించాలి. చేతిలో ఆరడుగుల వెదురుకర్ర ఉంటే ముందు దానితో పొడిచి చూసి అడుగు వేయడం. ట్రెక్కింగు కర్రలు పొట్టివి, ఈ పనికి చాలవు.

ఇంగ్లండులోని ఆ సీసం గనుల్లో ఇంకో విశేషం ఉంది. కొండ మీద నీటికి కట్ట కట్టి, నిండాక ఒక్కసారి తెగ్గొట్టి, ఆ ఉరవడితో పైమట్టి కొట్టించి ఖనిజపు చార బయటపడేలా చేసేవారు. ఆ లోయలాంటి కోతలు ఇప్పటికీ ఉన్నాయి. ఇక్కడ గుంటల దిగువన అలాంటి కోతలే కనిపిస్తాయి గానీ అవి మనుషులు చేసినవి కావు. కుప్పల మన్ను వానకు కొట్టుకుపోయి పడిన కాలువలు. ఆ మన్ను గెడ్డల్లోకీ, గెడ్డల వెంట నాగావళిలోకీ పోతుంది.

గుంటలో నీలంగా, నిశ్చలంగా ఉన్న నీటి జోలికి పోవద్దు. ఊరి చెరువులో మోకాలు, నడుము, పీక అని లోతు పెరుగుతుంది. ఇక్కడ మొదటి అడుగు మోకాలు, రెండో అడుగు తాటి లోతు. బయటికి రావాలంటే పట్టుకోవడానికి తడి బంకమన్ను తప్ప ఏమీ ఉండదు. ఈత వచ్చినవాళ్లు పోయేది కూడా అందుకే. ఎవరైనా పడితే వెనక దూకకుండా తాడో, తువ్వాళ్లు ముడేసినదో, కర్రో అందించాలి. పది మీటర్ల తాడు సంచిలో ఉండటం దీనికే, కొండలెక్కడానికి కాదు.

సొరంగం కనిపిస్తే గుమ్మం దగ్గరే ఆగాలి. లోపల పాత దుంగలు కుళ్లుతూ ప్రాణవాయువును తినేస్తాయి, బొగ్గుపులుసు గాలి బరువుగా నేలకు పట్టి ఉంటుంది. వాసన రాదు, దగ్గు రాదు. మోకాళ్లు పట్టు తప్పాకే తెలుస్తుంది, అప్పటికి వెనక్కి తిరిగే ఓపిక ఉండదు. కొవ్వొత్తి వెలుగుతోంది కదా అని వెళ్లడం పాతకాలపు పిచ్చి ధైర్యం. అదీ గాక ఎలుగుబంటికి ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదు. గుమ్మం ముందు మట్టి తవ్వి ఉన్నా, పళ్ల గింజలతో నల్లటి పెంట కనిపించినా చడీచప్పుడు లేకుండా వెనక్కి రావడమే. నిలువు గోడలకు కొండ తేనెపట్లు వేలాడుతుంటాయి. వాటి కింద పొగ తాగడం, సెంటు పూసుకురావడం, డ్రోన్ ఎగరేయడం వద్దు.

గుంటలు దాటి పైకెక్కితే బోడి నెత్తి. అక్కడ చెట్లెందుకు లేవంటే, లాటరైటు, బాక్సైటు పెంకు మీద మన్ను జానెడు కూడా ఉండదు, పైగా ఏటా వేసవిలో మంట పడుతుంది. గడ్డి, పొట్టి ఈతపొదలు మిగులుతాయి. ఇంగ్లీషు బోడికొండల మీద పీట్ అనే నల్లటి కుళ్లుమన్ను స్పంజిలా నీరు పట్టుకుంటుంది, ఎండాకాలంలో కూడా బూటు దిగబడుతుంది. మన కొండనెత్తి జల్లెడ. పడిన వాన పెంకు కంతల్లోంచి కిందికి దిగి, కింద బంకమన్ను తగిలి, పక్కలకు ఊటగా వస్తుంది. అందుకే నెత్తిన చుక్క దొరకదు, అంచు నుంచి కాస్త దిగితే వేసవిలోనూ గెడ్డ పారుతుంటుంది. పచ్చటి చెట్లు గీత గీసినట్టు వరసగా ఎక్కడ మొదలవుతాయో ఆ ఎత్తులో వెతకాలి. అది కూడా కాచి తాగాల్సిందే. మనిషికి మూడు లీటర్లు కింది నుంచే మోసుకెళ్లాలి, మార్చి దాటితే నాలుగు. తిండికి మరమరాలు, బెల్లం, సీసాలో పలచగా చోడంబలి. దాహానికీ ఆకలికీ కలిపి అంబలిని మించింది లేదు, పలావు పొట్లం కట్టుకెళ్లేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మంచి కాలం. పొద్దున మంచు దట్టంగా ఉంటే గుంటలవైపు అసలు కదలొద్దు, ఎనిమిదింటికో తొమ్మిదింటికో విడిపోతుంది. డిసెంబరులో సూర్యుడు అయిదుంబావు ప్రాంతంలో దిగిపోతాడు, ఒంపుల్లో అంతకు ముందే చీకటి. గుంటల వరసను రెండింటిలోపు దాటి వచ్చేయాలి. వేగం గంటకు మూడు కిలోమీటర్లు, ప్రతి 300 మీటర్ల ఎక్కుడుకూ ఇంకో ముప్పావుగంట వేసుకుంటే లెక్క సరిపోతుంది. ఫిబ్రవరి చివర్నుంచి పోడు మంటలుంటాయి. మంట పైకి పరిగెడుతుంది, మనం దానికన్నా వేగంగా ఎక్కలేం. పక్కకు, ఇప్పటికే కాలిన నేల మీదికి లేదా గడ్డి లేని పెంకు మీదికి పోవాలి. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు పిడుగులు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 అంకెలు లెక్కపెట్టేలోపు చప్పుడు వచ్చిందంటే నెత్తి మీద మనమే ఎత్తయిన చెట్టు, వెంటనే దిగాలి.

అనుమతి మాట. నడిచే నేల రిజర్వు అడవి అయితే రేంజి ఆఫీసులో, గని లీజు ఉంటే లీజుదారు దగ్గర అడగాలి. పని ఆగిపోయిన గనికి కూడా లీజు బతికి ఉండొచ్చు. రాయగడ బజార్లో తెలుగుతో పని జరిగిపోతుంది, కొండ ఊళ్లలో ఒడియా, ఖోందుల భాష కువి. గనికి ఖాదాన్ అనే మాట అందరికీ తెలుసు. అయితే బూట్లేసుకుని, సంచి తగిలించుకుని, రాయి గీకుతూ ఖాదాన్ ఎక్కడని అడిగేవాణ్ణి కంపెనీ మనిషి అనుకుంటారు, అనుకోవాలి కూడా. నియమగిరి మీద బాక్సైటు తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలు చూడాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న చెప్పాక, 12 పల్లెసభలూ వద్దనే అన్నాయి. అక్కడి డోంగ్రియా ఖోందులకు ఆ కొండే దేవుడు, నియమరాజు. అక్కడికి ఇలాంటి నడకలు పెట్టుకోవద్దు. మిగతా చోట్ల కూడా ముందు ఊళ్లోకి వెళ్లి, కూర్చుని, ఎవరమో చెప్పి, దారి చూపడానికి ఒకరిని కూలి మాట్లాడుకుని తీసుకెళ్లడమే పద్ధతి. ఏ గట్టు నిరుడు జారిందో వాళ్లకు తెలుసు, మన పటానికి తెలీదు. మనుషుల ఫోటోలు అడగకుండా తీయొద్దు.

కిందికి వచ్చాక తిండి ముట్టే ముందు చేతులు, గోళ్ల సందులు సబ్బుతో రుద్ది కడగాలి, నల్లపొడి కడుపులోకి పోకూడదు. పైరోలుసైట్ మసి పట్టిన గుడ్డను విడిగా ఉతకాలి, లేకపోతే మిగతా బట్టలకూ అంటుతుంది. ఇది ఇప్పటికీ మలేరియా నేలే. వెళ్లొచ్చిన కొన్ని వారాల్లో, నెలల తర్వాతైనా సరే, జ్వరం తగిలితే పారాసిటమాల్ వేసుకుని చూద్దాంలే అనుకోకుండా, ఆ రోజే రక్తపరీక్ష చేయించుకుని, రాయగడ కొండలకు వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పాలి.